లెక్క దాచని శస్త్రవైద్యుడికి అభినందన

మదనపల్లె టమాటా మండీలో హమాలీకైనా, పుంగనూరులో బడిపంతులుకైనా, కుప్పంలో రోజూ బెంగుళూరు రైలెక్కే కుర్రాడికైనా పెద్దపేగులో క్యాన్సరని తేలితే ఇంట్లోవాళ్లు డాక్టరును అడిగే మాట ఒకటుంది: ‘లివరుకు పాకలేదు కదా సార్?’ ఆ భయంతోనే మనవాళ్లు ఎందరో తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రికి పరుగెడతారు. ఆ స్విమ్స్‌కు డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ టి.ఎస్. రవికుమార్ గారి పరిశోధనలో ముఖ్యభాగం ఆ ప్రశ్న చుట్టూనే సాగింది. 1987లో అమెరికాలోని ‘ఆర్కైవ్స్ ఆఫ్ సర్జరీ’ పత్రికలో ఆయన మొదటి రచయితగా వెలువడిన వ్యాసానికి నలభై ఏళ్లు నిండవస్తున్నాయి. ఆ సందర్భంగా ఈ మూడు ఊళ్ల తరఫున నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం మన ధర్మం.

పేగుల నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర గుండా ముందు కాలేయానికే చేరుతుంది. అందుకే పేగు క్యాన్సర్ పాకితే తరచుగా ముందు కాలూనేది అక్కడే. కణితి ఒక పక్కనే ఉంటే ఆ భాగాన్ని కోసి తీయొచ్చు, మిగిలిన కాలేయం మళ్లీ పెరుగుతుంది. రెండు పక్కలకూ చెదిరినా, పెద్ద రక్తనాళాలను ఆనుకున్నా కత్తి పెట్టడం కష్టం. ఆ రోజుల్లో అలాంటి రోగికి చెప్పగలిగిన ధైర్యం తక్కువే.

బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ డీకనెస్ ఆసుపత్రిలో రవికుమార్ గారు, రేడియాలజిస్టు రాబర్ట్ కేన్, సర్జన్ గ్లెన్ స్టీల్ తదితరులు మరో దారి పట్టారు. 1987 వ్యాసంలో చెప్పిన పద్ధతి అదే. పొట్ట తెరిచి, అల్ట్రాసౌండ్ పరికరాన్ని నేరుగా కాలేయం మీదే ఆనించి కణితిని చూస్తారు. సన్నని లోహపు కడ్డీని అందులోకి దింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌ను కడ్డీలో ప్రవహింపజేస్తారు. తెర మీద మంచుముద్ద నల్లగా, అంచు మాత్రం తెల్లగా మెరుస్తూ పెరుగుతుంది. ఆ తెల్లటి అంచు కణితిని దాటేదాకా సర్జన్ కళ్లార్పకుండా కాచుకోవాలి. అలా గడ్డకట్టి చచ్చిన కణితిని బయటికి తీయనక్కర్లేదు, దాన్ని శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది.

అంతకన్నా మెచ్చుకోవలసింది 1991 నాటి వ్యాసం. ఐదేళ్లలో ఈ చికిత్స పొందిన 32 మంది ఏమయ్యారో అందులో ఉన్నదున్నట్టు రాశారు. జబ్బు మళ్లీ కనబడనివారు 28 శాతం. మిగిలినవారిలో జబ్బుతో బతుకుతున్నవారెందరో, పోయినవారెందరో కూడా అక్కడే ఉంది. గెలుపు మాత్రమే చాటుకునే లోకంలో ఓటమినీ లెక్కగట్టి ముందుంచడం చిన్న సంగతి కాదు.

1994లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి మరో అడుగు వేశారు. కాలేయానికి ఎక్కువ మోతాదులో మందు పంపి, అక్కణ్ణించి బయటికొచ్చే రక్తాన్ని రెండు బెలూన్లున్న గొట్టంతో పట్టి, శరీరం వెలుపల వడగట్టి తిరిగి ఎక్కించే పద్ధతి అది. మందు తాకిడి కాలేయానికి, ఊరట మిగతా ఒంటికి. ఆ కోవకు చెందిన ఒక చికిత్సకే, కంటిలో పుట్టి కాలేయానికి పాకిన మెలనోమా విషయంలో, 2023లో అమెరికా ప్రభుత్వ అనుమతి దక్కింది. మంచు పద్ధతి స్థానాన్ని తర్వాతి కాలంలో చాలావరకు రేడియో తరంగాలు, మైక్రోవేవ్ వేడి ఆక్రమించాయి. అయినా ఆపరేషన్ బల్ల మీదే అల్ట్రాసౌండ్‌తో కాలేయాన్ని గాలించే అలవాటు నిలిచిపోయింది.

ఇంత చేసినాయన పుదుచ్చేరి జిప్మర్‌కు, మన తిరుపతి స్విమ్స్‌కు డైరెక్టరుగా, మంగళగిరి ఎయిమ్స్‌కు అధ్యక్షుడిగా సేవలందించారు. ఈ నేలకు ఇలాంటి పరిశోధన కొత్తేమీ కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం 1915లో వెలసింది. అక్కడి డాక్టర్లు చుట్టుపక్కల పల్లెల్లో క్షయ మీద చేసిన అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. గడప గడపకూ తిరిగి మంచీ చెడూ నమోదు చేసిన ఆ వైద్యులూ, రవికుమార్ గారూ ఒకే దారి మనుషులు.

కుప్పం పీఈఎస్ వైద్య కళాశాలలో చదివే పిల్లలు ఆ దారి పట్టాలి. మలంలో రక్తం పడితే మొలలేలే అని సరిపెట్టుకోకుండా మనవాళ్లు తొందరగా డాక్టరుకు చూపించుకోవాలి. చికిత్స అయ్యాక రోగి ఎలా ఉన్నాడో మన ఆసుపత్రులు ఏళ్ల తరబడి కనుక్కుంటూ రాసిపెట్టాలి. ఈ నలభై ఏళ్ల వేడుకకు మనం చెల్లించగల కట్నం అదే.