కష్టకాలమునకు సిద్ధపాటు : ఒంగోలు క్లౌ దొర

చెరువుగట్టు వరద వచ్చిన రాత్రి కట్టునది కాదు. వేసవిలో మట్టి మోసి, త్రొక్కి గట్టిపఱచినదే వానకాలమున నిలుచును. మనుష్యుని అంతరంగమునకును ఇదియే న్యాయము. ఆపత్కాలమునకు సిద్ధముగా నుండవలెనని క్రైస్తవ మతము తన అనుయాయులకు పదే పదే బోధించుచున్నది. అయితే రాబోవు ఆపద యెట్టిదియో ముందుగా నెఱుగుట ఎవ్వరికిని సాధ్యము కాదు. ఎఱుగని దానికి సిద్ధపడుట ఎట్లు? పందొమ్మిదవ శతాబ్దిలో ఒంగోలు ప్రాంతమున పనిచేసిన ఒక మిషనరీ చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానము. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. అచ్చటి ప్రజలకు ఆయన క్లౌ దొర.

క్లౌ చరిత్ర ఆయన రాకకు ముందే ఆరంభమైనది. అమెరికా బాప్టిస్టు మిషనువారి పక్షమున శామ్యూల్ డే 1836లో ఆంధ్ర తీరమునకు వచ్చి, కొంతకాలము పెక్కుచోట్ల తిరిగి, 1840లో నెల్లూరున స్థిరపడెను. ఏండ్లు గడచినవి. ధనమును శ్రమయు వ్యయమైనవి గాని క్రైస్తవులైనవారు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది మాత్రమే. ఈ పనిని విడిచిపెట్టుట మేలని అమెరికాలోని పెద్దలు తలపోసిరి. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభలో ఈ విషయము చర్చకు వచ్చెను. మిషను కేంద్రములను నక్షత్రములుగా చూపిన పటమున తెలుగుదేశమునకు ఒకే నక్షత్ర ముండుటచే, శామ్యూల్ స్మిత్ అను కవి ఆ ఒంటరి నక్షత్రమును గూర్చి ఒక గేయము వ్రాసి సభ్యుల మనస్సులను త్రిప్పెననియు, పని నిలిచెననియు చెప్పుదురు.

ఆ దినములలో నెల్లూరున నున్న మిషనరీ లైమన్ జ్యూవెట్. 1854 జనవరి మొదటి తేదీ తెల్లవాఱుజామున జ్యూవెట్ దంపతులును, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలున ఒక కొండ నెక్కిరి. చుట్టును కనుచూపు మేర పల్లెలు. ఆ పల్లెలలో వారి మాట వినువారు లేరు. వారు మోకరించి, ఒంగోలునకు ఒక మిషనరీని పంపుమని ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిరి. ఐదుగురే ఆ కొండపై నున్నవారు. వారు కోరిన మనిషి అప్పటికి పదునేడేండ్ల బాలుడు. సముద్రముల కావల అమెరికాలో నుండెను. ఆ ప్రార్థన ఫలించుటకు పండ్రెండేండ్లకు పైగా పట్టినది.

క్లౌ 1836 జూలై 16వ తేదీన న్యూయార్కు రాష్ట్రపు పడమటి భాగమున జన్మించెను. యౌవనమున మిన్నెసోటా అడవులలో ప్రభుత్వ సర్వే జట్టుతో కలిసి భూములు కొలిచెను. గొలుసు పట్టి నేల కొలుచుట, మట్టపు లెక్కలు వేయుట, పలువురు పనివాండ్రను నడపుట ఆయన కచ్చట అలవడిన విద్యలు. ధర్మశాస్త్ర ప్రసంగములయందు అప్పటి కాయనకు ఆసక్తి లేదు. న్యాయవాది కావలెనని తలంపు. అయోవా రాష్ట్రమున బర్లింగ్టన్ కళాశాలలో చదువుచుండగా ఆయన మనస్సు మాఱెను. ఆ మార్పుతో జీవిత గమ్యమును మాఱెను. అడవిలో నేర్చిన విద్య ఇక వ్యర్థమని అప్పుడు తోచి యుండవచ్చును. కాని అది వ్యర్థము కాలేదు.

1864 చివరను క్లౌ దంపతులు, సెలవుపై వెళ్ళియున్న జ్యూవెట్‌తో కలిసి అమెరికా నుండి ఓడ నెక్కిరి. నెల్లూరున తెలుగు నేర్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరిరి. 1867 జనవరి మొదటి తేదీన ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడినది. కొండమీది ప్రార్థనకు ఆనాటికి సరిగా పదమూడేండ్లు.

ఆ ప్రాంతమున ఎఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగ కులస్థుడు ఉండెను. ఊరి వెలుపల నుంచబడిన కులమున పుట్టియు, యోగమార్గము నభ్యసించి తనవారికి గురువైన జిజ్ఞాసువు. తోళ్ళ వ్యాపారమునకై ఉత్తరపు ప్రాంతములకు పోయినపుడు క్రైస్తవ బోధ ఆయన చెవిని బడినది. భార్యతో కూడ బాప్తిస్మము పొంది, తన స్వగ్రామమగు తాళ్ళకొండపాడునకు క్లౌను పిలిచెను. 1867 జనవరిలో క్లౌ ఆ గ్రామ సమీపమున చింతతోపులో గుడారము వేసి కొన్ని దినము లుండెను. చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చినవారిలో ఇరువది యెనిమిది మంది అచ్చట బాప్తిస్మము పొందిరి. తెలుగుదేశపు బాప్టిస్టు సంఘములు మహావృక్షముగా పెరుగుటకు బీజ మక్కడ పడినది.

క్లౌ జీవితమున మొదటి పరీక్ష కరవు కాదు, కులము. ఒంగోలు పట్టణమున బ్రాహ్మణాది కులములవారు ఆయన పాఠశాలకు తమ పిల్లలను పంపుచు, ధనసహాయమును చేయుచుండిరి. పెద్దలు చేరినచో తక్కినవారు వారిని అనుసరింతురని ఆశ పుట్టించు పరిస్థితి. ఇంతలో మాదిగపల్లెలనుండి మనుష్యులు క్రైస్తవ సంఘమున చేరుటకు వచ్చిరి. వారిని చేర్చుకొన్నచో తాము మానుకొందుమని ఉన్నత కులములవారు స్పష్టముగా తెలియజేసిరి. క్లౌ ఏమియు తోచక తన గదిలో పరిశుద్ధ గ్రంథమును తెరచెను. కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికలో, లోకము దృష్టికి అల్పులైనవారిని దేవుడు ఏర్పఱచుకొనెనను భాగము కంటబడినది. ఆయన భార్య హేరియట్ కూడ వేఱొక గదిలో, భర్త చదివిన సంగతి తెలియకయే, అదే భాగమును తెరచెనని వారి చరిత్రలో కలదు. వచ్చినవారిని చేర్చుకొనుటకు దంపతులు నిశ్చయించిరి. పై కులములవారు తమ పిల్లలను బడి మాన్పించిరి. వచ్చుచున్న ధనము నిలిచినది. ఎవరి పక్షమున నిలువవలెనో శాంతి దినములలోనే ఆ యింట తీర్మానమైనది. పదేండ్లకు వచ్చిన విపత్తునందు ఆ ప్రశ్నను మరల విచారింపవలసిన పని లేకపోయెను.

ఆ విపత్తు ధాత నామ సంవత్సరపు కరవు. 1876లో వానలు తప్పినవి. మదరాసు రాజధాని అంతటను పైరు లెండినవి, చెరువులు బీటలు వాఱినవి, పశువులు చచ్చినవి. పొలము లేక కూలిపై బ్రతుకువారు మొదట రాలిపోయిరి. ఈశ్వర సంవత్సరమునను, అనగా 1877లోను, దుర్భరమైన బాధ కొనసాగినది. ఆకులలములు, వేళ్ళు త్రవ్వుకొని తిన్న కుటుంబములు లెక్కకు మిక్కుటము. కరవు వెంట విశూచి వచ్చినది. రాజధానిలో ఆకలిచేతను, రోగములచేతను మరణించినవారు లక్షలాది.

ప్రభుత్వమువారు కరవు పనులుగా బకింగ్‌హాము కాలువ త్రవ్వకమును సాగించిరి. కాని ఆ పనులలో అస్పృశ్యులని యెంచబడిన కూలీలు మేస్త్రీల చేతులలో పడరాని పాట్లు పడుచుండిరి. కొట్లు, తిట్లు, కూలిలో కోత. ఇది విని క్లౌ మూడున్నర మైళ్ళ కాలువ త్రవ్వకమును తానే గుత్తకు తీసికొనెను. మిన్నెసోటా అడవులలో నేర్చిన విద్య ఇచ్చట పనికి వచ్చినది. కొలతలు తానే వేయించెను. పాకలు కట్టించి, త్రాగునీటికి ఏర్పాటులు చేసి, తన బోధకులనే పనివారిపై పెద్దలుగా నియమించెను. క్రైస్తవులు, ఇతరులు అను భేదము లేక పనికి వచ్చిన వారందఱికిని ఒకే కూలి. వేలాది జనము ఆ శిబిరము మీదుగా వచ్చి పోయిరి. పగలు పారలు పట్టినవారు విశ్రాంతి వేళ బోధకుల చుట్టును కూర్చుండి వారి మాట లాలించిరి. ఏండ్ల తరబడి ఊరూరు తిరిగి ప్రార్థించుట, పరామర్శించుట నేర్చినవారగుటచే, విశూచి శిబిరమున ప్రవేశించినపుడును ఆ బోధకులు తమ జనమును విడిచిపోలేదు.

ఇంతవరకు చెప్పినది క్లౌ దక్షతకు, దయకు నిదర్శనము. ఆయన ఆత్మబలము తెలియునది ఆ తరువాతి నిర్ణయమున. కరవు ముదిరినకొలది బాప్తిస్మము కోరువారు వందలుగా, పిదప వేలుగా పెరిగిరి. ఒక మిషనరీకి ఇంతకంటె సంతోషమేమున్నది? స్వదేశమున నివేదికలు చదువువారికి ఆ సంఖ్యలు పండుగ వంటివి. కాని అన్నము పెట్టు చేతిలోనే సంఘద్వారపు తాళముకూడ నుండరాదని క్లౌ తలచెను. కూలి ఇచ్చువాడు తానే. ధాన్య సహాయము పంచువాడు తానే. ఆకలిగొన్నవాడు తన హృదయమును తానే ఎఱుగలేని స్థితిలో నుండును. కావున 1877 మార్చి మొదలు పదునైదు మాసములపాటు ఆయన ఒక్కరికిని బాప్తిస్మ మీయలేదు. అన్నము మాత్రము ఎవరికిని నిరాకరింపలేదు. వచ్చినవారిని వేచియుండుడని పంపివేసెను. ఎంతో కాలముగా కోరిన కోత కన్నులయెదుట నుండగా కొడవలిని క్రింద పెట్టుట సామాన్యమైన నిగ్రహము కాదు. ఫలమును దేవునికి విడుచుట ముందే అలవాటు చేసికొనని వాడు అప్పటికప్పుడు దానిని నేర్వలేడు.

బహుధాన్య సంవత్సరము, అనగా 1878, వచ్చినది. సహాయ ధనపు పంపకము ముగియవచ్చినది. క్లౌ తన బోధకులను గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద జూన్ నెలలో సమావేశపఱచెను. బోధకులతో కూడ జనము తండోపతండములుగా వచ్చిరి. తన వద్ద ఇక పని లేదనియు, ధనము లేదనియు ఆయన వారితో చెప్పెను. తమకు ధనము వలదనియు, ఇన్నాళ్ళును వేచియుంటిమనియు వారి మనవి. బోధకులు పల్లెల వారీగా వారి నడత, విశ్వాసము విచారించిరి. జూలై 2న బాప్తిస్మములు ఆరంభమైనవి. మూడవ తేదీన ఒక్కదినమే 2,222 మంది గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసికొని, మధ్యాహ్నము కొంత విరామముతో సాయంకాలము వఱకు నీటిలో నిలిచిరి. ఆ సంవత్సరాంతమునకు సంఘమున చేరినవారి సంఖ్య తొమ్మిది వేలకు మించినది.

వీరు అన్నమునకై వచ్చినవారే యను విమర్శ అప్పుడును వచ్చినది, పిమ్మటను వచ్చినది. ఇన్ని వేలమందిని ఇంత త్వరలో చేర్చుట తగునా యని స్వపక్షమువారును సందేహించిరి. కరవు వారి మనస్సులను కదలించలేదనుట సత్యము కాదు. దుఃఖములో తోడుండినవానిని నమ్ముట మనుష్య స్వభావము. అయితే పదునైదు మాసములు వేచి, ఇచ్చుటకేమియు లేనివేళ మరల వచ్చినవారిని అన్నార్థులనుటకు వెనుదీయవలెను. విమర్శకులకు క్లౌ ఇచ్చిన సమాధానము ఆ నిరీక్షణయే.

అటుపిమ్మట ఆయన పల్లెబడులు, ఉన్నత పాఠశాల, బోధకుల శిక్షణము మున్నగు పనులలో గడపెను. 1893లో హేరియట్ గతించెను. పిమ్మట ఆయన వివాహమాడిన ఎమ్మా రౌషన్‌బుష్ విదుషీమణి. ఆయన ఆత్మకథ ఆమె కూర్పున 1914లో వెలువడినది. 1910 నవంబరు 24న క్లౌ అమెరికాలో కన్నుమూసెను.

కొండనెక్కిన ఐదుగురికి కరవు వచ్చునని తెలియదు. సర్వే గొలుసు పట్టిన యువకునకు కాలువ త్రవ్వవలసివచ్చునని తెలియదు. పేరయ్య యోగము నభ్యసించిన నాడు తనవారికి మార్గదర్శకుడగునని తెలియదు. ఎవరి దినమున వారు చేయవలసిన దానిని శ్రద్ధతో చేసిరి. కష్టకాలము వచ్చినపుడు క్రొత్త బలమును వెదకుకొనవలసిన అగత్యము వారికి కలుగలేదు. ప్రశాంత దినములలో కూడబెట్టిన దానినే వ్యయము చేసిరి. ఆ వ్యయమునందును, తీసికొనదగిన దానిని తీసికొనక వేచియుండిన ఆ పదునైదు మాసములే క్లౌ దొర జీవితమున మిక్కిలి విలువైన భాగము.