పీటరు చక్రవర్తి

రష్యా దేశపు పీటరు 1672లో మాస్కో నగరమున జన్మించి, పదియవ యేటనే రాజయ్యెను. నాడు రష్యాకు చెప్పదగిన నౌకాబలము లేదు. 1697లో ఆతడు మారుపేరుతో హాలెండునకు పోయి, రాజునన్న అభిమానమును విడిచి, గొడ్డలి చేతబట్టి వడ్రంగులతోగూడ ఓడలు కట్టుట నేర్చుకొనెను.

తిరిగివచ్చి సైన్యమును సంస్కరించెను, పాఠశాలలు నెలకొల్పెను, గడ్డము పెంచువారిపై పన్ను విధించెను. 1703లో నీవానదీముఖమున, బురదనేలపై, సెయింట్ పీటర్సుబర్గు నగరమునకు పునాది వేసెను. 1709లో పోల్టావా యుద్ధమున స్వీడను రాజును జయించి, 1721లో చక్రవర్తి బిరుదము వహించెను.

కాని ఆ నగరనిర్మాణమున వేలకొలది కూలీలు అసువులు బాసిరి. రైతుల దాస్యము తొలగకపోగా పన్నుల భారము పెరిగెను. తండ్రి మార్గమును అంగీకరింపని కుమారుడు అలెక్సీ 1718లో చెరసాలలోనే మరణించెను. 1725లో పీటరు కన్నుమూసెను. దేశమును మేల్కొల్పిన ఘనతయు, ప్రజల కన్నీటిని గణింపని దోషమును ఆతని చరిత్రమున ఒక్కచోటనే కానవచ్చును.