నేలమాళిగలో భోంచేసిన శాస్త్రవేత్త

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ మన విద్యార్థులకు వేరుశనగ శాస్త్రవేత్తగానే పరిచయం. బానిసగా పుట్టి, పట్టుదలతో చదివి, ప్రపంచఖ్యాతి పొందిన మనిషిగా ఆయన కథను వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో చెబుతుంటారు. ప్రతిభ ఉంటే పుట్టుక అడ్డురాదన్నది ఆ కథకు తగిలించే నీతి. రిజర్వేషన్ల మీద చర్చ జరిగిన ప్రతిసారీ ఈ నీతిని ఎవరో ఒకరు నా ముందు పెడుతూనే ఉంటారు. అందుకే ఆయన జీవితాన్ని మరోసారి చదివాను. ఈసారి ఆయన ప్రతిభను కాకుండా, ఆయన ముందు మూసుకున్న తలుపులనూ తెరుచుకున్న తలుపులనూ లెక్కపెడుతూ చదివాను.

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, డైమండ్ గ్రోవ్ అనే పల్లె దగ్గర, 1864 ప్రాంతంలో కార్వర్ పుట్టారు. బానిస బిడ్డ పుట్టిన తేదీని ఎవరూ రాసిపెట్టలేదు. ఆయన తల్లి మేరీని మోజెస్ కార్వర్ అనే రైతు 1855లో 700 డాలర్లకు కొన్నాడు. అంతర్యుద్ధపు రోజుల్లో దుండగులు ఆ తల్లినీ పసిబిడ్డనూ ఎత్తుకుపోయారు. యజమాని పంపిన మనిషి బిడ్డను మాత్రమే వెనక్కి తేగలిగాడు. అందుకు ప్రతిఫలంగా అతనికి ఒక గుర్రం ముట్టిందని జీవితచరిత్రకారులు రాశారు. తల్లి జాడ మళ్లీ తెలియలేదు.

బానిసత్వం రద్దయ్యాక కూడా ఊరి బడి శ్వేతజాతి పిల్లలదే. నల్లజాతి పిల్లల బడి కోసం కార్వర్ నియోషో పట్టణానికి నడిచి వెళ్లారు. అక్కడి నుంచి కాన్సస్ రాష్ట్రానికి చేరారు. వంట చేస్తూ, బట్టలుతుకుతూ చదువు సాగించారు. 1879లో ఫోర్ట్ స్కాట్‌లో ఒక నల్లజాతీయుణ్ని మూక చంపడం కళ్లారా చూసి ఆ ఊరు వదిలేశారు. హైలాండ్ కళాశాల ఉత్తరాల మీద సీటిచ్చింది. తీరా మనిషి ఎదురుగా నిలబడ్డాక, అతని రంగు చూసి కాదంది. దరఖాస్తులో ఉన్న ప్రతిభ గడప దగ్గర చెల్లలేదు.

1890లో అయోవా రాష్ట్రంలోని సింప్సన్ కళాశాలలో చిత్రలేఖనం చదవడానికి చేరారు. ఆయన గీసిన మొక్కలను చూసిన ఉపాధ్యాయిని ఎట్టా బడ్, వ్యవసాయ విద్యవైపు వెళ్లమని చెప్పారు. ఆమె తండ్రి ఏమ్స్‌లోని అయోవా వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్ర ప్రొఫెసర్. 1891లో కార్వర్ ఆ కళాశాలలో మొదటి నల్లజాతి విద్యార్థి అయ్యారు. 1862 నాటి మోరిల్ చట్టం కింద, ప్రభుత్వమిచ్చిన భూముల ఆదాయంతో నడిచే కళాశాల అది. ఆ భూములు ఆదివాసుల నుంచి లాక్కున్నవి. భూమిని దున్నిన బానిసల పిల్లలకు భూమిశాస్త్రం నేర్పాలన్న ఆలోచన ఆ చట్టంలో లేదు. 1890లో వచ్చిన రెండో చట్టం, రంగును బట్టి ప్రవేశం నిరాకరించే రాష్ట్రాలకు నిధులు రావంది. అయితే వేరు కళాశాల పెడితే సరిపోతుందని మినహాయింపు కూడా ఇచ్చింది. దక్షిణాది రాష్ట్రాలు ఆ మినహాయింపునే వాడుకున్నాయి.

ఏమ్స్‌లో సీటు దొరికింది కానీ భోజనశాలలో చోటు దొరకలేదు. మొదట్లో ఆయన నేలమాళిగలో, పొలం కూలీలతో కలిసి తినవలసి వచ్చింది. పాత ఊరి నుంచి వచ్చిన ఒక శ్వేతజాతి మహిళ ఆయన పక్కన కూర్చుని తిన్నాకే పరిస్థితి కొంత మారింది. ఉండటానికి గది లేకపోతే ఒక ప్రొఫెసర్ తన పాత కార్యాలయ గది ఇచ్చారు. వృక్షశాస్త్రవేత్త లూయీ పామెల్ దగ్గర శిలీంధ్రాల మీద పనిచేసి, 1894లో పట్టాను, 1896లో మాస్టర్స్ పట్టాను పొందారు. అక్కడే బోధకుడయ్యారు. ఇందులో ఆయన శ్రమ ఎంత ఉందో, తలుపు తీసిన మనుషుల పాత్ర కూడా అంత ఉంది.

1896లోనే బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు మీద అలబామాలోని టస్కేగీకి వెళ్లారు. అక్కడ ప్రయోగశాల లేదు. విద్యార్థులతో చెత్తకుప్పల్లోంచి సీసాలు ఏరించి పరికరాలు తయారుచేసుకున్నారు. ఫెడరల్ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రానికీ వ్యవసాయ పరిశోధన కోసం ఏటా 15,000 డాలర్లు అందేవి. అలబామా వాటా శ్వేతజాతీయుల కళాశాలకే వెళ్లింది. టస్కేగీ కేంద్రానికి రాష్ట్రం కేటాయించింది ఏటా 1,500 డాలర్లు.

చుట్టూ ఉన్నది పాలుకు పత్తి పండించి, షావుకారు ఖాతాలో మునిగిన నల్లజాతి రైతులు. కార్వర్ శాస్త్రం వారి అవసరం నుంచే మొదలైంది. 1898 నాటి ఆయన మొదటి కరపత్రం, అడవిలో రాలే ఓక్ కాయలను పశువులకు మేతగా పెట్టడం గురించి. దాణా కొనలేని రైతుకు అది పశుపోషణ పాఠం. పత్తితో సారం పోయిన నేలకు అలసందలు, వేరుశనగ వేసి నత్రజనిని తిరిగి ఇవ్వమన్నారు. ఎరువులు కొనే స్తోమత లేనివారికి చిత్తడి నేలల మట్టినీ, రాలిన ఆకులనూ వాడటం నేర్పారు. 1906లో పనిముట్లతో, విత్తనాలతో జెసప్ బండి పొలాలకు బయలుదేరింది. కళాశాలకు రాలేని రైతు దగ్గరికి కళాశాలే వెళ్లింది.

ఆయనలో లోపాలూ ఉన్నాయి. కోళ్ల ఫారం నిర్వహణ మీద వాషింగ్టన్‌తో ఏళ్ల తరబడి తగవు పడ్డారు. వివక్ష మీద బహిరంగ పోరాటం చేయలేదు. 1921లో వేరుశనగ సుంకంపై అమెరికా ప్రతినిధుల సభా సంఘం ముందు మాట్లాడాక పెద్ద పేరొచ్చింది. వేరుశనగ వెన్నను ఆయనే కనిపెట్టారన్న కట్టుకథ కూడా ప్రచారంలోకి వచ్చింది. వివక్షను సమర్థించేవారు సైతం ఆయన పేరును తమ వ్యవస్థ మంచితనానికి రుజువుగా చూపారు. కార్వర్ 1943 జనవరి 5న మరణించారు. 1945లో టస్కేగీలో పశువైద్య కళాశాల మొదలైంది. దాన్ని స్థాపించిన ఫ్రెడరిక్ ప్యాటర్సన్ కూడా ఏమ్స్‌లో పశువైద్యం చదివినవారే. ఆ దేశంలోని నల్లజాతి పశువైద్యుల్లో అత్యధికులు ఈ కళాశాల నుంచి వచ్చినవారే. ఒక్క ప్రతిభావంతుడి కథ చేయలేని పనిని ఒక సంస్థ చేసింది.

జాతి, కులం ఒకటి కావు. కానీ ఈ రెంటి బంధుత్వాన్ని ఫూలే 1873లోనే గుర్తించి, బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికన్లకు తన ‘గులాంగిరి’ని అంకితమిచ్చారు. మన ఊళ్లలో గొర్రెలు కాసింది గొల్లకురుమలు, చచ్చిన పశువును మోసి తోలు తీసింది మాదిగలు, పశువుల కొట్టంలో పడుకున్నది జీతగాళ్లు. పశుశాస్త్రం, వ్యవసాయశాస్త్రం వారి చేతుల పనికి పెట్టుకున్న పేర్లే. అయినా మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో చాలాకాలం రైతు కోటా సీటుకు కావలసింది సొంత సాగుభూమి ఉందన్న రుజువు. దున్నినవారి బిడ్డకు కాక, పాసుపుస్తకం ఉన్నవారి బిడ్డకే ఆ కోటా దక్కింది. తరతరాలుగా భూమి దక్కని కులాలను భూమి పత్రం అడగడమంటే, హైలాండ్ కళాశాల గడప దగ్గర కార్వర్‌ను ఆపినట్టే.

కార్వర్ కథను విద్యార్థులకు చెప్పవద్దని నేననను. చెప్పేటప్పుడు హైలాండ్ గడప, ఏమ్స్ నేలమాళిగ, టస్కేగీకి దక్కిన 1,500 డాలర్లు కూడా చెప్పాలి. అప్పుడు వారు ఆయన్ను మెచ్చుకుని ఊరుకోరు. తమ కళాశాలలో ఎవరికి సీటు దక్కింది, దక్కినవారు ఎవరి పక్కన కూర్చుని తింటున్నారు అని అడుగుతారు.