జంటపేరులో ఒక సగం – మన హైదరాబాద్ శంకర్

హిందీ సినిమా పాటలు కాస్తో కూస్తో విన్నవారికి శంకర్-జైకిషన్ అన్న పేరు కొత్త కాదు. రేడియో సిలోన్ ముందు చెవి ఆనించి కూర్చున్న తరానికైతే ఆ పేరు ఇంటిపేరంత పరిచయం. కానీ ఆ జంటలోని శంకర్ మన హైదరాబాదులో పెరిగినవాడని, తెలుగు ధారాళంగా మాట్లాడేవాడని మనలో ఎంతమందికి తెలుసు? ఇంకొక సంగతి కూడా ఉంది. ఇరవై రెండేళ్ళు ఒకే పేరు కింద పాటలు కట్టిన ఇద్దరు మిత్రులు ఆఖరి కొన్నేళ్ళు ఎవరి పాట వారే కట్టుకుంటూ, బయటికి మాత్రం ఆ ఒక్క పేరునే చూపిస్తూ బతికారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ సంగతి గురించి.

పాశ్చాత్య దేశాలలో రాక్ బృందాలకు ఇది మామూలే. 1970లో బీటిల్స్ విడిపోయాక నలుగురూ నాలుగు దారులు పట్టారు, ఎవరి రికార్డులు వారు తెచ్చుకున్నారు. ఏ పాట ఎవరిదన్న గొడవ అక్కడా ఉంది. దక్షిణాదిన విశ్వనాథన్-రామమూర్తి జంట 1965లో విడిపోయింది. మన తెలుగులో రాజ్-కోటి 1990లలో వేరు పడ్డారు. వీళ్ళందరూ పేరును కూడా పంచుకుని విడిపోయారు. శంకర్-జైకిషన్ మనుషులుగా వేరైనా పేరును విడగొట్టలేదు. అక్కడే ఉంది చిక్కంతా.

శంకర్ పూర్తి పేరు శంకర్ సింగ్ రామ్ సింగ్ రఘువంశీ. 1922 అక్టోబర్ 15న పుట్టాడు. హైదరాబాదులో కుర్రతనమంతా రెండు పిచ్చులతో గడిచింది. ఒకటి కుస్తీ, రెండు తబలా. పొద్దున్నే తాలింఖానాలో కసరత్తు, ఆ తర్వాత తబలా సాధన. ఒకసారి కసరత్తు నుంచి తిరిగి వస్తూ, ఒక పాటకత్తె ఇంటి ముందు తబలా తప్పుగా వినబడితే లోపలికి వెళ్ళి ఆ తబలావాడిని మందలించి, తానే కూర్చుని వాయించి చూపాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథలో నిజమెంతో గానీ ఆ మనిషి స్వభావం మాత్రం అందులో ఉంది. తప్పు కనబడితే ఊరుకునే రకం కాదు. తబలా బాబా నాసిర్ ఖాన్ దగ్గర నేర్చుకున్నాడు. సత్యనారాయణ, హేమావతి అనే నాట్యకళాకారుల బృందంలో చేరి, అక్కడి నుంచి బొంబాయిలో పృథ్వీరాజ్ కపూర్ నడిపిన పృథ్వీ థియేటర్స్‌కు చేరుకున్నాడు. నెలకు డెబ్భై అయిదు రూపాయల జీతంతో తబలా వాద్యకారుడి కొలువు. వాయిస్తూనే సితార్, ఎకార్డియన్, పియానో పట్టుబట్టి నేర్చుకున్నాడు. నాటకాలలో చిన్న చిన్న వేషాలు కూడా వేశాడు.

అవకాశాల కోసం చంద్రవదన్ భట్ అనే గుజరాతీ దర్శకుడి ఆఫీసు చుట్టూ తిరిగే రోజుల్లో అక్కడ ఇంకొక కుర్రవాడు తరచుగా ఎదురయ్యేవాడు. అతనూ పని కోసం వచ్చినవాడే. గుజరాత్‌లోని బాంస్‌దా ఊరివాడు, పేరు జైకిషన్ దయాభాయ్ పంచాల్, హార్మోనియం వాయిస్తాడు. శంకర్ కన్నా ఏడేళ్ళు చిన్న. మాటలు కలిశాయి. పృథ్వీ థియేటర్స్‌లో హార్మోనియం ఖాళీ ఉందని తెలిసి శంకరే అతన్ని తీసుకువెళ్ళి పెట్టించాడు. కొలువు పెట్టించిన పెద్దవాడు ఒకరు, పెట్టించుకున్న చిన్నవాడు ఒకరు. తర్వాతి రోజులను అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రాజ్ కపూర్ తొలి చిత్రం ఆగ్ (1948)కు రామ్ గంగూలీ సంగీతం. రెండవ చిత్రం బర్సాత్ పనులు జరుగుతుండగా గంగూలీతో పొసగలేదు. ఆ పని శంకర్‌కు ఇస్తానన్నాడు రాజ్ కపూర్. ఇరవై ఆరేళ్ళ తబలావాడికి అంత పెద్ద అవకాశం దొరికితే ఎవరైనా కళ్ళు మూసుకుని ఒప్పుకుంటారు. శంకర్ మాత్రం జైకిషన్‌ని కూడా తనతో సమానంగా తీసుకోవాలని పట్టుబట్టాడు. అలా శంకర్-జైకిషన్ అనే పేరు పుట్టింది. 1949లో బర్సాత్ పాటలు దేశమంతా మారుమోగాయి. గీత రచయితలు శైలేంద్ర, హస్రత్ జైపురి, గాయని లతా మంగేష్కర్, గాయకుడు ముకేష్... ఒక పెద్ద కుటుంబం తయారైంది. శంకర్‌కు వ్యాయామశాలలో పరిచయమైన దత్తారామ్ లయ చూసుకునేవాడు. గోవా నుంచి వచ్చిన సెబాస్టియన్ డిసౌజా వాద్యగోష్ఠి అమరిక చూసేవాడు. వందమంది వాద్యకారులతో పాట రికార్డు చేయడం ఆ రోజుల్లో వీళ్ళకే చెల్లింది.

ఆవారా (1951), దాగ్ (1952), శ్రీ 420 (1955), బసంత్ బహార్, చోరీ చోరీ (1956), అనాడీ (1959), జంగ్లీ (1961)... ఇలా చెప్పుకుంటూ పోతే పత్రిక చాలదు. ఆవారా పాటలు సోవియట్ దేశంలోనూ టర్కీలోనూ అరబ్బు దేశాలలోనూ పాడుకున్నారు. మొత్తం తొమ్మిది ఫిల్మ్‌ఫేర్ బహుమతులు వచ్చాయి. 1968లో పద్మశ్రీ.

శ్రీ 420లో రామయ్యా వస్తావయ్యా అనే పాట ఉంది కదా. ముకేష్, లత, రఫీ ముగ్గురూ పాడిన ఈ పాటకు ఆ తెలుగు పల్లవి ఎక్కడిదన్న దానికి రెండు మూడు కథలున్నాయి. రోడ్డు పని చేసే తెలుగు కూలీల నోట విన్నారని కొందరు, బాణీ కట్టేటప్పుడు శంకర్ నోటికొచ్చిన హైదరాబాద్ మాటలనే అలాగే ఉంచేశారని కొందరు అంటారు. ఏది నిజమైనా, తెలుగు తెలిసిన శంకర్ లేకపోతే ఆ మాటలు హిందీ పాటలోకి వచ్చేవి కావు. ఇక్కడ లుసైల్‌లో అంతాక్షరి ఆడుతుంటే ర అక్షరం వచ్చినప్పుడల్లా ఉత్తరాది మిత్రులు ఈ పాటే ఎత్తుకుంటారు. అది తెలుగని చెబితే చాలామంది నమ్మరు! అదేదో అర్థం లేని ఊతపదం అనుకుంటారు పాపం.

ఇక అసలు విషయానికి వద్దాం. జంట అన్నారే గానీ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ప్రతి పాటా కట్టేవారు కాదు. ఎవరి పాటలు వారు విడిగా కట్టేవారు. శంకర్ ఎక్కువగా శైలేంద్రతోను, జైకిషన్ ఎక్కువగా హస్రత్‌తోను కూర్చునేవారు. నాట్యపు పాటలు, సినిమా పేరు మీద వచ్చే పాటలు, గట్టి శాస్త్రీయపు పునాది ఉన్న పాటలు శంకర్ వైపు. మెత్తని ప్రేమ పాటలు, నేపథ్య సంగీతం జైకిషన్ వైపు. తెర మీద మాట లేని చోట జైకిషన్ వేసే సంగీతానికి సాటి లేదని రాజ్ కపూర్‌తో పనిచేసినవారంతా ఒప్పుకునే సంగతి. అయితే ఏ పాట ఎవరిదో బయట ఎక్కడా చెప్పకూడదని ఇద్దరి మధ్య ఒక ఒప్పందం ఉండేది. కాగితం లేదు, సంతకం లేదు, మాట మాత్రమే. మెచ్చుకోలైనా తిట్లైనా ఇద్దరివీ. పదిహేనేళ్ళు ఆ మాట నిలబడింది. నా మటుకు నాకు ఇది వాళ్ళు కట్టిన ఏ పాటకన్నా గొప్ప విషయంగా తోస్తుంది.

1964లో సంగం వచ్చింది. అందులో రఫీ పాడిన ప్రేమలేఖ పాట బాణీ తనదేనని జైకిషన్ ఒక సినిమా పత్రికలో చెప్పేశాడని, అక్కడే శంకర్ మనసు విరిగిందని అప్పటి వారంతా చెప్పుకున్నారు. బయటివాళ్ళకు ఇది చాలా చిన్న విషయం. కానీ ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు. ఒక్క పాట తనదని చెబితే, చెప్పని పాటలన్నీ ఎవరివన్న ప్రశ్న పుడుతుంది. అందులోనూ జైకిషన్ అందగాడు, సరదా మనిషి, చర్చిగేట్ దగ్గర గేలార్డ్ హోటల్‌లో మిత్రబృందంతో దర్బారు చేసేవాడు. పత్రికల వాళ్ళకు అతనే ఇష్టం. శంకర్ ముక్కుసూటి మనిషి, కోపిష్టి. తాను చేయి పట్టుకుని తెచ్చిన కుర్రవాడు తనను దాటిపోతున్నాడని ఆయనకు అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. అలా అనిపించడం న్యాయమా అంటే, అది వేరే మాట.

రెండవ కారణం శారద. రాజ్ కపూర్ టెహరాన్‌లో ఈ తమిళ అమ్మాయి పాట విని బొంబాయికి రమ్మన్నాడు. శంకర్ ఆమె గొంతు మీద పెద్ద నమ్మకం పెట్టుకున్నాడు. సూరజ్ (1966)లో శారద పాడిన పాట ఊరూరా మోగింది. ఆ ఏడాది ఫిల్మ్‌ఫేర్ ఓట్లలో అదే సినిమాలోని రఫీ పాటకు దీటుగా వచ్చిందట. మొదట బహుమతి రఫీకే దక్కింది. అయితే ఆ తర్వాతి సంవత్సరం నుంచి గాయకులకు, గాయనులకు విడివిడిగా బహుమతులు ఇవ్వడం మొదలైంది. శంకర్ తన పాటలన్నింటికీ శారదనే పిలవసాగాడు. లతా మంగేష్కర్ ఆయనకు దూరమయ్యారు. జైకిషన్ మాత్రం లతను వదలలేదు. సినిమా ఒకటే, సంగీత దర్శకుల పేరు ఒకటే. ఏ గాయని పాడిందో చూసి, ఏ పాట ఎవరిదో శ్రోతలే పోల్చుకునే స్థితి వచ్చింది. దాచవలసిన గుట్టు అలా రెండోసారి బయటపడింది. ఈసారి బయటపెట్టింది శంకరే అనాలి!

1966 డిసెంబర్‌లో శైలేంద్ర పోయాడు. శంకర్‌కు అది కుడిచేయి విరిగినంత పని. దశాబ్దం చివరికి వచ్చేసరికి ఇద్దరూ సినిమాలు కూడా విడివిడిగా ఒప్పుకుంటున్నారు. ఒక సినిమాలోని పాటలన్నీ ఒకరివే, పోస్టర్ మీద పేరు మాత్రం ఇద్దరిదీ. నిర్మాతలకు ఆ పేరు కావాలి. ఆ పేరు లేకుండా తమలో ఎవరి విలువ ఎంతో తేల్చుకునే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ కత్తులు ఎప్పుడో బయటికి వచ్చేశాయి, ఒర మాత్రం ఒకటే మిగిలింది. రఫీ ఇద్దరికీ సంధి చేశాడని, కొంతవరకు కలిశారని చెబుతారు. మధ్యలో 1968లో రాగాలను జాజ్ పద్ధతిలో వాయించిన పదకొండు ముక్కల రికార్డు ఒకటి ఇద్దరి పేరు మీద వచ్చింది. రయీస్ ఖాన్ సితార్ వాయించారు. ఇప్పుడు విన్నా కొత్తగానే ఉంటుంది, వినకపోతే తప్పక వినండి.

ఈ కాలంలోనే మన తెలుగుకూ ఒక సినిమా దక్కింది. ఎన్.టి.రామారావు, వాణిశ్రీ నటించగా సి.ఎస్.రావు దర్శకత్వంలో 1971లో వచ్చిన జీవిత చక్రం. సంగీతం శంకర్-జైకిషన్. ఘంటసాలతో కలిసి పాడింది గాయని శారద. ఇదే సినిమాలో నటి శారద కూడా ఉన్నారు, ఇద్దరినీ కలిపేసుకోకండి. గాయని ఎవరో చూస్తే బాణీలు ఏ సగానివో వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాద్ విడిచిన పాతికేళ్ళ పైచిలుకు తర్వాత శంకర్ తెలుగు మాటలకు బాణీ కట్టాడు. ఆ పాటలలో బొంబాయి వాద్యాల హోరు, ఘంటసాల గొంతులోని తెలుగుతనం రెండూ వినబడతాయి. అన్నట్టు, ఆ రామారావు గారి మనవడి సినిమా 2013లో వచ్చినప్పుడు దాని పేరు రామయ్యా వస్తావయ్యా!

అదే 1971 సెప్టెంబర్ 12న జైకిషన్ కాలేయ వ్యాధితో మరణించాడు. నలభై ఒక్క ఏళ్ళు. గేలార్డ్ హోటల్ వారు అతను రోజూ కూర్చునే బల్లను కొన్నాళ్ళపాటు ఎవరికీ ఇవ్వకుండా, కొవ్వొత్తి వెలిగించి ఉంచారని చెబుతారు.

శంకర్‌కు ఇప్పుడు అడ్డు లేదు. కావాలంటే తన పేరు ఒక్కటే వేసుకోవచ్చు. ఆ పని చేయలేదు. ఇద్దరిలో ఎవరు ముందు పోయినా రెండోవారు జంటపేరునే కొనసాగించాలన్నది వారి మధ్య మాట. మొదటి ఒప్పందం ఎలా పోయినా ఈ రెండోదాన్ని మాత్రం శంకర్ చివరిదాకా నిలబెట్టాడు. మన తిరుపతి వేంకట కవులు గుర్తుకు రావడం లేదూ? తిరుపతి శాస్త్రి గారు పోయిన తర్వాత కూడా చెళ్ళపిళ్ళ వారు ఇద్దరి పేరుతోనే రచనలు వెలువరించారు. అయితే ఆ కవులకు అది గౌరవం తెచ్చిపెట్టింది, శంకర్‌కు నష్టం తెచ్చింది. పాట బాగుంటే పాత జంట గొప్పతనం అన్నారు, బాగులేకపోతే జైకిషన్ లేని లోటు అన్నారు. ఒంటరిగా ఆయన చేసిన పనికి ఆయన ఖాతాలో జమ ఏమీ పడలేదు. బే-ఇమాన్ (1972)కు ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. సన్యాసీ (1975)లో లత మళ్ళీ ఆయనకు పాడారు, పాటలు బాగా నడిచాయి. కానీ రాజ్ కపూర్ బాబీ (1973)ని లక్ష్మీకాంత్-ప్యారేలాల్‌కు ఇచ్చాడు. బర్సాత్ నుంచి ఉన్న ఇల్లు అది. ఆ తలుపు మూసుకున్నాక శంకర్‌కు చిన్నా చితకా సినిమాలే మిగిలాయి.

1987 ఏప్రిల్ 26న శంకర్ బొంబాయిలో కన్నుమూశాడు. అరవై నాలుగేళ్ళు. ఒకప్పుడు ఆయన బాణీ కోసం నిర్మాతలు బారులు తీరిన ఊరిలోనే, ఇంటివాళ్ళు, కొద్దిమంది ఆప్తుల మధ్య అంత్యక్రియలు అయిపోయాయి. సినిమా రంగంలో చాలామందికి కబురు ఆలస్యంగా తెలిసిందంటారు. 2013లో భారతీయ సినిమా నూరేళ్ళ సందర్భంగా తపాలా శాఖ సినీ ప్రముఖుల మీద యాభై బిళ్ళలు వేసింది. అందులో ఈ జంటకూ చోటిచ్చారు. ఇద్దరికీ కలిపి ఒకే బిళ్ళ.