సూదియు దారమును: అలెక్సిస్ కారెల్ జీవితము

1894వ సంవత్సరము జూన్ నెల 24వ తేదీ రాత్రి ఫ్రాన్సు దేశాధ్యక్షుడగు సాదీ కార్నో లియాన్ నగరమున బండిలో పోవుచుండగా నొక అరాజకవాది ఆయనను బాకుతో పొడిచెను. ఆ పోటు కాలేయమునకు రక్తమును గొనిపోవు పెద్ద సిరను తెగగోసెను. నగరమందలి ప్రసిద్ధులైన శస్త్రవైద్యులు పరుగున వచ్చిరి. కాని తెగిన పెద్ద నాళమును నమ్మకముగ కుట్టి కలుపు విద్య యప్పటికి వైద్యుల చేతికి రాలేదు. అర్ధరాత్రి దాటిన కొలది సేపటికి దేశాధ్యక్షుడు మరణించెను.

ఆ నగరముననే యిరువది యొక్క యేండ్లు నిండవచ్చుచున్న వైద్యవిద్యార్థి యొకడుండెను. ఆ మరణము వాని మనస్సున గాఢముగ నాటుకొనెను. తెగిన రక్తనాళమును కుట్టుటకు మార్గము తప్పక యుండవలెనని యాతడు తలచి, దానిని వెదకుటకు పూనుకొనెను. ఆ విద్యార్థియే అలెక్సిస్ కారెల్. నేడు ఒకరి మూత్రపిండమును మరియొకరి దేహమున నిలుపగలుగుచున్నారన్న, ఆ పనికి మొదటి కుట్టు వేసినవారిలో ముఖ్యుడు ఈయనయే.

కారెల్ 1873వ సంవత్సరము జూన్ 28వ తేదీన లియాన్ చెంత నున్న సెంత్ ఫోయ్ అను ఊర జన్మించెను. తండ్రి బట్టల వర్తకుడు. బాలునకు సుమారైదేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లి కుటుంబభారమును వహించి బిడ్డలను పెంచెను. లియాన్ పట్టునేతకు పేరొందిన నగరము. అచట సూదియు దారమును ఇంటింటి పనిముట్లు. జెసూయిట్ గురువుల పాఠశాలలో చదివి కారెల్ వైద్యకళాశాలలో ప్రవేశించెను.

రక్తనాళమును కుట్టుట యేల కష్టమో విద్యార్థులు గ్రహింపవలెను. నాళము మెత్తనిది, జారునది. మోటు సూదితో గ్రుచ్చినచో గోడ చిరుగును. లోపల కొంచెమైన గరుకు మిగిలినచో అచట రక్తము గడ్డకట్టి దారి మూసికొనును. కారెల్ ఈ చిక్కును తీర్చుకొనుటకు పెద్ద పండితుల చెంతకు కాక, గుడ్డపై పూవులు కుట్టుటలో నేర్పరియైన మదాం లెరూదియే అను స్త్రీ చెంతకు పోయి శిష్యుడయ్యెను. మిక్కిలి సన్నని సూదులను, పట్టుదారములను సంపాదించి, వానికి వాజిలీను పూసి, నాళపు గోడకు గాయము తగులకుండ కుట్టుట నభ్యసించెను. గుండ్రని నాళపు అంచులను మూడు చోట్ల కుట్లతో బిగించి లాగినచో అది త్రికోణమగును. అప్పుడు వంపు గీత సరళరేఖ యగుటచే, సూది దారి తప్పక నడచును. ఈ పద్ధతిని ఆయన 1902లో ప్రకటించెను. కుట్టుపని తరగతిని చిన్నచూపు చూచువారు ఈ సంగతి జ్ఞప్తి యందుంచుకొందురు గాక.

స్వదేశమున కోరిన పదవి లభింపకపోగా, కారెల్ 1904లో ఓడనెక్కి కెనడాకును, అచటినుండి అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయమునకును చేరెను. అచట చార్లెస్ గత్రీ అను శాస్త్రజ్ఞునితో గూడి జంతువులపై పరిశోధనలు సాగించెను. 1906లో న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయమున నియమితుడయ్యెను.

ఆయన పరీక్షించిన యవయవములలో మూత్రపిండము ముఖ్యమైనది. మన నడుము వెనుక వెన్నెముకకు ఇరువైపుల పిడికిలియంతటివి రెండు మూత్రపిండములున్నవి. అవి రక్తమును వడగట్టి, మలినములను, మిగులు నీటిని మూత్రముగ వెలికి పంపును. రెండును చెడినచో దేహమున విషము నిండి మనుష్యుడు మరణించును. ఇట్టి యవయవమునకు ముఖ్యముగ ఒక ధమనిని, ఒక సిరను, ఒక మూత్రనాళమును కలిపినచో చాలును గనుక, కారెల్ కుట్టునకు ఇది తగిన పరీక్ష యయ్యెను.

కుక్క మూత్రపిండమును వెలికి తీసి, మరల ఆ కుక్కకే కుట్టినప్పుడు అది చక్కగ పని చేసెను; అట్టి జంతువులు ఆరోగ్యముతో బ్రదికెను. కాని ఒక జంతువు మూత్రపిండమును వేరొక జంతువునకు కుట్టినప్పుడు, మొదట మూత్రము స్రవించినను, కొలది కాలమునకే అవయవము వాచి చెడిపోవుచుండెను. కుట్టులో దోషము లేదు. నాళములు తెరచియే యున్నవి. దేహము తనది కానిదానిని గుర్తించి త్రోసివేయుచున్నదని కారెల్ గ్రహించెను. చేతిపని ముగిసినదనియు, దేహతత్త్వమునకు సంబంధించిన చిక్కు మిగిలియే యున్నదనియు ఆయన స్పష్టముగ ఒప్పుకొనెను. తన విజయమునకు హద్దెచటనో తానే చూపుట శాస్త్రజ్ఞునకు భూషణము.

1908లో న్యూయార్కున నొక వైద్యునకు ఆడుశిశువు కలిగి, కొలది దినములలోనే రక్తస్రావముచే ప్రాణాపాయ స్థితికి వచ్చెను. కారెల్ రాత్రివేళ వారి యింటికి పోయి, తండ్రి చేతి ధమనిని శిశువు కాలి సిరకు కుట్టి కలిపెను. తండ్రి రక్తము బిడ్డ దేహమున ప్రవహించెను; పాలిపోయిన శిశువు ఎఱ్ఱబారి బ్రదికెను. పెద్దవారి దేహమునుండి పిల్లల దేహమునకు ప్రాణము పోయవచ్చునన్న యాశకు ఆ రాత్రి సాక్షి.

1912లో కారెల్‌నకు వైద్యశాస్త్రమున నోబెల్ బహుమాన మొసగిరి. ఆయనతో శ్రమపడిన గత్రీకి అందు భాగము దొరకలేదు. అది న్యాయమా యని నేటికిని చరిత్రకారులు చర్చించుచున్నారు. మొదటి ప్రపంచయుద్ధమున ఆయన ఫ్రాన్సుకు మరలివచ్చి, కాంపియేన్ నగరమున వైద్యశాల నెలకొల్పి, హెన్రీ డేకిన్ తయారుచేసిన ద్రావకముతో గాయములను కడుగు పద్ధతిని నెలకొల్పెను. చీముపట్టి కాలుచేతులు పోగొట్టుకొనవలసిన సైనికులనేకులకు అది రక్షణ యయ్యెను. తరువాత విమానయాత్రికుడు చార్లెస్ లిండ్‌బర్గ్‌తో గూడి, దేహమునుండి వేరుచేసిన యవయవములను సజీవముగ నుంచు యంత్రమొకటి 1935లో ప్రకటించెను.

ఇంతటి వానిని సంపూర్ణముగ స్తుతించి ముగింప గలిగినచో బాగుండెడిది. కాని జీవితచరిత్ర సత్యమును దాచరాదు. అదే 1935లో ఆయన వ్రాసిన గ్రంథమొకటి లోకమున మిక్కిలి వ్యాపించెను. అందు ఆయన మనుష్యులలో బలవంతులను పెంపొందింపవలెననియు, ఘోరాపరాధులను, నేరము చేసిన మతిభ్రష్టులను విషవాయువుతో చంపవచ్చుననియు వ్రాసెను. జర్మనీ ఫ్రాన్సును జయించిన పిమ్మట, 1941లో విషీ ప్రభుత్వము క్రింద నొక పరిశోధనా సంస్థకు ఆయన అధిపతి యయ్యెను. 1944లో పారిస్ విముక్తి పొందగనే ఆ పదవినుండి తొలగింపబడి, ఆ యేడు నవంబరు 5వ తేదీన మరణించెను. లియాన్ నగరమున ఆయన పేరు పెట్టిన వైద్యకళాశాలకు 1996లో ఆ పేరు తీసివేసిరి.

ఆయన విడిచిన చిక్కు ఇతరుల చేత విడివడెను. 1952లో పదునారేండ్ల పనివాడొకడు ఎత్తునుండి క్రిందపడగా, చితికిన మూత్రపిండమును వైద్యులు తీసివేసిరి. వానికి పుట్టుకతో ఉన్నది అదొక్కటియే యని తరువాత తెలిసినది. తల్లి తన మూత్రపిండమును ఇచ్చెదనని వేడుకొనెను. పారిస్ నగరమున ఆ క్రిస్మసు వేళ వైద్యులు దానిని కుమారునికి అమర్చిరి. మూడు వారములు అది పని చేసెను. పిమ్మట దేహము దానిని త్రోసివేయగా బాలుడు మరణించెను. 1954 డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున జోసెఫ్ మర్రే అను వైద్యుడు ఏకరూప కవలలలో నొకని మూత్రపిండమును రెండవవానికి అమర్చెను. దేహములు ఒకే తీరువి గనుక త్రోపుడు కలుగలేదు. రోగి యెనిమిదేండ్లు జీవించెను. 1960 ప్రాంతమున అజాథయోప్రిన్, 1980 ప్రాంతమున సైక్లోస్పోరిన్ అను మందులు వచ్చి, కవలలు కానివారికిని ఈ మేలు లభించెను. భారతదేశమున 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల యందు మూత్రపిండపు మార్పిడి విజయవంతముగ జరిగెను.

నేడు మంచి వైద్యశాలలలో అమర్చిన మూత్రపిండములు నూటికి తొంబదికి పైగ మొదటి యేడు దాటి పనిచేయుచున్నవి. సజీవులిచ్చినవి, మృతులనుండి తీసినవానికంటె సగటున నెక్కువ కాలము నిలుచును. పెద్దవారు మరల పనిలోనికి పోవుచున్నారు. చిన్నపిల్లలు, యంత్రముచే రక్తము శుద్ధి చేయించుకొనువారికంటె, బాగుగ ఎదిగి బడికి పోవుచున్నారు. కాని మందును ప్రతిదినము, జీవితాంతము మ్రింగవలెను. కౌమారప్రాయమున పలువురు స్వస్థత కలిగినదని తలచి మందును మానుటచే, తల్లిదండ్రు లిచ్చిన యవయవమును పోగొట్టుకొనుచున్నారని వైద్యులు చెప్పుచున్నారు. శస్త్రవైద్యుని కుట్టు ఎంత గట్టిదైనను, రోగి యొక్క దినదిన శ్రద్ధయే దానిని నిలుపును.

బాలబాలికలారా, కారెల్ జీవితమున రెండు పాఠములున్నవి. సూదిని ఓర్పుతో పట్టినప్పుడు ఆయన చేతులు దుర్బలులను బ్రదికించెను. బలహీనుని విలువ యెంత యని తీర్పు చెప్ప బూనినప్పుడు ఆయన బుద్ధి దారి తప్పెను. ఆయన కొలతతో చూచినచో దుర్బలుడనిపించుకొను రోగపీడిత బాలుడు, ఆయన నేర్పిన కుట్టు మూలముననే నేడు తల్లి మూత్రపిండముతో బ్రదికి బడికి వచ్చుచున్నాడు. ఆయన చేతి విద్యను మనము గ్రహింతము. ఆయన చేసిన తప్పును మరువకుందము.