చంద్రుడొచ్చేదాకా ఆగిన సిపాయి

1922 ఆగస్టు 29న ధ్యాన్ సింగ్ అనే కుర్రాడు బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో సిపాయిగా చేరాడు. ఆ రోజుకి అతనికి సరిగ్గా పదిహేడేళ్లు నిండాయి. పదిహేడంటే మనలో చాలామంది ఎంసెట్ కోచింగ్‌లో తల వంచుకుని కూర్చున్న వయసు. అప్పటికి అతను చెప్పుకోదగ్గ హాకీ ఏమీ ఆడలేదు. ఝాన్సీలో తోటి పిల్లలతో ఎప్పుడైనా సరదాగా ఆడడమే తప్ప ఒక టీమ్ లేదు, నేర్పినవాళ్లు లేరు. చిన్నప్పుడు అతనికి మోజున్న ఆట కుస్తీ. అలాంటివాడు ఆరేళ్లు తిరక్కుండానే, 1928లో, ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 14 గోల్స్ కొట్టి బంగారు పతకంతో ఇంటికొచ్చాడు.

ధ్యాన్‌చంద్ గురించి మనకి స్కూల్లో చెప్పేది ఆ 14 గోల్స్ దగ్గర మొదలవుతుంది. ఆయన్ని హాకీ మాంత్రికుడు అంటాం, చప్పట్లు కొడతాం, ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవం జరుపుకుంటాం. నాకు మాత్రం ముందున్న ఆ ఆరేళ్ల మీదే ధ్యాస. ఎందుకంటే మాంత్రికుడు అన్న మాటలో ఒక తిరకాసు ఉంది. మంత్రం వచ్చినవాడు కష్టపడ్డాడని ఎవరూ అనుకోరు కదా!

ఆయన పుట్టింది అలహాబాద్‌లో, 1905లో. తండ్రి కూడా సైన్యంలోనే పనిచేసేవాడు, అక్కడ హాకీ ఆడేవాడు. తండ్రికి బదిలీలు ఎక్కువ కావడంతో పిల్లల చదువు ఎక్కడా నిలవలేదు. ధ్యాన్ ఆరేళ్ల చదువుతో బడి మానేశాడు. చివరికి కుటుంబం ఝాన్సీలో స్థిరపడింది. తండ్రి ఆటగాడు కాబట్టి రక్తంలోనే ఉందని వాదించేవాళ్లకి ఇక్కడొక ఆధారం దొరుకుతుంది, సరే. కానీ ఆ రక్తం పదిహేడేళ్ల పాటు ఏ చప్పుడూ చేయకుండా ఊరుకుందని కూడా ఒప్పుకోవాలి.

సైన్యంలో చేరాక అతనికి ఒక మనిషి దొరికాడు. ఆయన పేరు బాలే తివారీ, అదే రెజిమెంట్లో సుబేదార్ మేజర్. కొత్త సిపాయి చేతిలో స్టిక్ పెట్టి ఆట నేర్పింది ఆయనే. పతకాల జాబితాల్లో బాలే తివారీ పేరు ఎక్కడా ఉండదు. ఆయన్ని తీసేసి ఈ కథ చెప్పమంటే మాత్రం నాకు చేతకాదు.

ఇక వెన్నెల సంగతి. పగలంతా డ్యూటీ, డ్రిల్లు. ఆ రోజుల్లో మైదానాలకి ఫ్లడ్‌లైట్లు లేవు. అందుకని ధ్యాన్ రాత్రిపూట చంద్రుడు వచ్చేదాకా ఆగి, ఆ వెలుతురులో ఒంటరిగా ప్రాక్టీస్ చేసేవాడని చెబుతారు. తోటి ఆటగాళ్లు అతన్ని చాంద్ అని పిలవడం మొదలుపెట్టారు. హిందీలో చాంద్ అంటే చంద్రుడే. ధ్యాన్ సింగ్ కాస్తా ధ్యాన్‌చంద్ అయిపోయాడు. ప్రపంచం ఆయనకిచ్చిన బిరుదు మాయని గుర్తుచేస్తుంది, తోటివాళ్లు పెట్టిన పేరు ప్రాక్టీస్‌ని గుర్తుచేస్తుంది. ఆయన్ని దగ్గర్నుంచి చూసినవాళ్లు ఏ పేరు ఎంచుకున్నారో గమనించండి.

ఇంజనీరింగ్ బుద్ధి ఊరుకోదు కాబట్టి ఒక చిన్న లెక్క. నిండు పున్నమి వెలుతురు అర లక్స్ కూడా ఉండదు. మన హాస్టల్ వరండాలో ట్యూబ్‌లైట్ కింద దానికి వందల రెట్ల వెలుగు ఉంటుంది. ఆ మసక వెలుతురులో, ఎగుడుదిగుడు నేల మీద, చిన్న బంతిని కళ్లతో వెంటాడడం కుదిరే పని కాదు. బంతి ఎక్కడుందో మణికట్టుకి తెలియాలి, స్టిక్‌కి తగిలిన చప్పుడుతో తెలియాలి. తర్వాతి రోజుల్లో ఆయన బంతి వైపు చూడకుండానే దాన్ని తీసుకెళ్లేవాడనీ, తల పైకెత్తి మైదానమంతా చూస్తూ ఎవరికి పాస్ ఇవ్వాలో ముందే తేల్చుకునేవాడనీ అంటారు కదా, దాని మూలం ఆ వెన్నెల రాత్రుల్లోనే ఉందని నా ఊహ. ఊహే, రుజువు లేదు. కానీ మాయ అనడం కంటే ఇది నమ్మడం నాకు తేలిక.

ఇలాంటి కథే ఆయన సమకాలికుడు ఒకరికి కూడా ఉంది. ఆస్ట్రేలియాలో బౌరల్ అనే చిన్న ఊళ్లో డాన్ బ్రాడ్‌మన్ అనే పిల్లాడు బ్యాట్‌కి బదులు ఒక వికెట్ పుల్లతో, ఇంటి నీళ్లట్యాంకు కింది ఇటుక గోడకేసి గోల్ఫ్ బంతిని కొడుతూ, తిరిగొచ్చేదాన్ని మళ్లీ కొడుతూ గంటలు గడిపేవాడు. 1935లో ఇండియన్ హాకీ టీమ్ న్యూజిలాండ్, ఆస్ట్రేలియా టూర్‌కి వెళ్లినప్పుడు ఈ ఇద్దరూ అడిలైడ్‌లో కలిశారు. ధ్యాన్‌చంద్ ఆ టూర్లో 201 గోల్స్ కొట్టాడు.

మాంత్రికుడన్న పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. జీలం‌లో జరిగిన పంజాబ్ పదాతిదళాల టోర్నమెంటులో ఒక మ్యాచ్. ఆయన టీమ్ రెండు గోల్స్ వెనకబడి ఉంది. ఇంకా మిగిలింది నాలుగు నిమిషాలు. పై అధికారి ఏదో ఒకటి చెయ్యమని కేకేశాడు. ఆ నాలుగు నిమిషాల్లో ధ్యాన్ మూడు గోల్స్ కొట్టి మ్యాచ్ గెలిపించాడు. అప్పట్నుంచి మాంత్రికుడన్న పేరు అతుక్కుంది. ఆ తర్వాత కథలు పుట్టుకొచ్చాయి. స్టిక్‌లో అయస్కాంతం పెట్టాడేమోనని హాలండ్‌లో దాన్ని విరగ్గొట్టి చూశారని ఒకటి. ఒకసారి గోల్స్ పడకపోతే గోల్‌పోస్టు వెడల్పు తప్పుందని గొడవపెట్టి కొలిపించాడనీ, నిజంగానే తేడా ఉందనీ ఇంకొకటి. నిజమో కల్పనో గానీ రెండో కథ నాకిష్టం. పన్నెండడుగుల గోల్ వెడల్పు ఒక మనిషి చేతికి కంఠస్థం అయిపోవాలంటే ఎన్ని వేలసార్లు కొట్టి ఉండాలి? మొదటి కథ మాత్రం మన బుద్ధిని బయటపెడుతుంది. ఎదుటివాడు బాగా ఆడితే మనం కర్రలో వెతుకుతాం.

1926లో ఆర్మీ టీమ్ న్యూజిలాండ్ వెళ్లింది. 21 మ్యాచ్‌ల్లో 18 గెలిచి, రెండు డ్రా చేసి, ఒక్కటి ఓడింది. తిరిగొచ్చాక సిపాయి ధ్యాన్‌చంద్‌కి లాన్స్ నాయక్‌గా ప్రమోషన్ ఇచ్చారు. ప్రపంచస్థాయి ఆటకి దక్కిన ఫలం అంతే, ఒక మెట్టు పైకి. రెండేళ్లకి ఆమ్‌స్టర్‌డామ్. మన టీమ్ ఐదు మ్యాచ్‌ల్లో 29 గోల్స్ కొట్టింది, ఒక్కటి కూడా ఇవ్వలేదు. ఫైనల్లో హాలండ్ మీద 3-0.

ఇక్కడిదాకా చదివి, ప్రాక్టీస్ పార్టీ గెలిచేసింది, మనం కూడా రోజూ పన్నెండు గంటలు కూర్చుంటే ఏదైనా సాధించేస్తాం అనుకోకండి. ఈ కథలో రూప్ సింగ్ ఉన్నాడు.

రూప్ సింగ్ ధ్యాన్‌చంద్ సొంత తమ్ముడు, మూడేళ్లు చిన్న. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కి అన్నదమ్ములిద్దరూ వెళ్లారు. అమెరికా మీద ఇండియా 24-1తో గెలిచిన మ్యాచ్‌లో రూప్ సింగ్ 10 గోల్స్ కొట్టాడు, అన్న 8 కొట్టాడు. (ఆ ఒలింపిక్స్ హాకీలో ఆడినవి మూడు దేశాలే, అమెరికన్లకి ఈ ఆట కొత్త. కాబట్టి ఆ 24 చూసి మరీ పొంగిపోనక్కర్లేదు.) ఆ ఒలింపిక్స్‌లో ఇండియా కొట్టిన 35 గోల్స్‌లో 25 ఈ ఇద్దరివే. తమ్ముడు తనకంటే మెరుగైన ఆటగాడని ధ్యాన్‌చంద్ స్వయంగా ఒప్పుకున్నాడు. వినయమే అనుకుందాం, అయినా ఆ మాట ఆయన ఊరికే అనే మనిషి కాదు. వెన్నెల కథ అన్నకి ఉంది, తమ్ముడికి లేదు. గోల్స్ మాత్రం ఇద్దరికీ ఉన్నాయి. రూప్ సింగ్ గ్వాలియర్‌లో స్థిరపడ్డాడు. 2010లో సచిన్ వన్డేల్లో డబుల్ సెంచరీ కొట్టిన మైదానం గుర్తుందా? అది కెప్టెన్ రూప్ సింగ్ స్టేడియం. స్కోరు అందరికీ గుర్తుంది, స్టేడియం పేరు మీద ఉన్న మనిషి ఎవరని అడిగినవాళ్లు తక్కువ.

కాబట్టి పుట్టుకతో వచ్చేది ఏదో ఉంది, కాదనలేం. కానీ అది ఎంతవరకు పనికొస్తుందో 1936లో తేలింది.

బెర్లిన్‌కి ధ్యాన్‌చంద్ కెప్టెన్‌గా వెళ్లాడు. అప్పటికి రెండు ఒలింపిక్ బంగారాలు ఉన్నాయి, టీమ్‌లో రూప్ సింగ్ ఉన్నాడు, ప్రపంచంలో ఎదురు లేదనే పేరుంది. జూలై 17న జర్మనీతో ప్రాక్టీస్ మ్యాచ్ ఆడి 4-1తో ఓడిపోయారు. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. తర్వాత ఆయన తన ఆత్మకథలో ఆ ఓటమిని దాచకుండా రాసుకున్నాడు. ఫైనల్ తర్వాత హిట్లర్ ఉద్యోగం ఇస్తానన్నాడనే కథ మీ వాట్సాప్ గ్రూపుల్లో ఎలాగూ తిరుగుతూ ఉంటుంది, దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. నాకు ఆ జూలై 17 రాత్రే ముఖ్యం. అంతటి టాలెంట్ ఉన్న పదకొండు మంది ఒక్క మధ్యాహ్నం ఓడిపోవచ్చని వాళ్లకి తెలిసింది. వెంటనే ఇండియాకి కబురు పంపి ఇన్‌సైడ్ రైట్ ఆడే దారాని పిలిపించారు. ఆయన విమానంలో వచ్చి సెమీఫైనల్ వేళకి అందుకున్నాడు.

ఫైనల్ మళ్లీ జర్మనీతోనే. ఆగస్టు 14న జరగాల్సింది వానవల్ల మర్నాటికి వాయిదా పడింది. మ్యాచ్‌కి ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో మేనేజర్లలో ఒకరైన పంకజ్ గుప్తా కాంగ్రెస్ త్రివర్ణ పతాకాన్ని బయటికి తీశాడు. ఆటగాళ్లు దానికి సెల్యూట్ చేసి మైదానంలోకి వెళ్లారు. తెల్లవాడి సైన్యంలో జీతం తీసుకుంటున్న కెప్టెన్ కూడా అందులో ఉన్నాడు. హాఫ్‌టైమ్‌కి స్కోరు 1-0 మాత్రమే. నేల తడిగా ఉంది, అడుగు పట్టడం లేదు. రెండో సగంలో ధ్యాన్‌చంద్ మేకుల బూట్లూ మేజోళ్లూ తీసిపారేసి, పల్చటి రబ్బరు అడుగున్న బూట్లతో పరిగెత్తాడు. చివరికి స్కోరు 8-1. ఆ ఒలింపిక్స్ మొత్తంలో మనవాళ్లు ఇచ్చిన ఒకే ఒక్క గోల్ అదే. తేదీ ఆగస్టు 15. అప్పటికి ఆ తేదీకి ఏ ప్రత్యేకతా లేదు.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు. ఆయన వయసు ముప్పై ఐదు, ముప్పై తొమ్మిది అయింది. టాలెంటూ ప్రాక్టీసూ రెండూ ఉన్నవాడికి కాలం అడ్డం పడితే ఏం చేస్తాడు? 1952లో ఆత్మకథ వచ్చింది. 1956లో మేజర్ హోదాతో రిటైరయ్యాడు, అదే ఏడు పద్మభూషణ్ ఇచ్చారు. తర్వాత పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో హాకీ చీఫ్ కోచ్‌గా పనిచేశాడు.

కొడుకు అశోక్ కుమార్ సంగతి కూడా చెప్పాలి. తిండి పెట్టని ఆట కాబట్టి పిల్లలు హాకీలోకి రావడం తండ్రికి పెద్దగా ఇష్టం లేదు. అయినా అశోక్ ఆడాడు. 1975లో కౌలాలంపూర్ ప్రపంచకప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద 2-1తో గెలిపించిన గోల్ అతనిదే. రక్తం వాదన చేసేవాళ్లకి ఇది మళ్లీ పండగ. అయితే మరుసటి ఏడాదే మాంట్రియల్ ఒలింపిక్స్ వచ్చాయి. ఒలింపిక్ హాకీ మొదటిసారి కృత్రిమ టర్ఫ్ మీద ఆడించారు. మట్టి మీద, గడ్డి మీద ఏళ్ల తరబడి నేర్చుకున్న మన చేతులకి ఆ నేల మీద బంతి వేగం అందలేదు. సాధన చేద్దామంటే మన దేశంలో అలాంటి మైదానం లేదు. ప్రపంచకప్ గెలిచిన ఏడాదికే ఇండియా ఏడో స్థానానికి దిగిపోయింది. ఆ టీమ్‌లో అశోక్ కుమార్ కూడా ఉన్నాడు. రక్తం అదే, శ్రమ అదే, కాళ్ల కింద నేల మాత్రం మారింది. మట్టి నేలనీ, వెన్నెలనీ ధ్యాన్‌చంద్ దొరికినంతలో వాడుకోగలిగాడు. టర్ఫ్ మాత్రం ఎవరో కొని వేస్తే గానీ రాదు.

తండ్రి ఇదంతా చూసే పోయాడు. చివరి రోజుల్లో డబ్బుకి ఇబ్బంది పడ్డాడు. కాలేయ క్యాన్సర్‌తో ఢిల్లీ ఎయిమ్స్‌లో జనరల్ వార్డులో ఉండి, 1979 డిసెంబర్ 3న కన్నుమూశాడు. ఢిల్లీ నేషనల్ స్టేడియానికి ఆయన పేరు పెట్టడం, ఖేల్‌రత్నకి ఆయన పేరు జోడించడం, అన్నీ ఆ తర్వాతి ముచ్చట్లే. దహనం శ్మశానంలో చేయలేదు. ఝాన్సీకి తీసుకెళ్లి, తను ఆడిన హీరోస్ గ్రౌండ్‌లోనే చేశారు.