విప్పి బిగించిన చదువు

సావనీరుకి ఎవరైనా మహనీయుడి జీవితం రాసిమ్మని మన యూనియన్ కుర్రాళ్ళు అడిగారు. మహనీయులకేం కొదవ? గోడల మీద బొమ్మలున్న వాళ్ళ గురించి ఏటేటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. నేను ఎంచుకున్నది జి.డి. నాయుడు గారిని. కోయంబత్తూరులో చిన్నపిల్లాణ్ణి అడిగినా ఆయన పేరు చెబుతాడు. మన వైపు మాత్రం మెకానికల్ పట్టా పుచ్చుకున్న వాళ్ళలోనే ఆ పేరు విననివాళ్ళు ఉన్నారు. తరతరాల క్రితం కొంగునాడుకి తరలిపోయి, బయట తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాల్లో ఆయనది ఒకటి. అందుచేత మనవాడే అని చెప్పుకోడానికి మనకి కాస్త హక్కుంది.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి రైతు. తల్లి చిన్నప్పుడే పోయింది. బడి అంటే కుర్రాడికి గిట్టలేదు. అల్లరి చేశాడు, పంతుళ్ళతో పేచీలు పడ్డాడు, చివరికి చదువు మానేసి పొలం పనిలో పడ్డాడు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఆయన గురించి రాసేవాళ్ళు ఎవరూ ఉండేవారు కాదు.

ఒకనాడు ఆ పల్లెకి ఒక ఇంగ్లీషు రెవిన్యూ అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. అది 1912 నాటి రడ్జ్ బండి. ఇంగ్లండులో కొవెంట్రీ పట్టణంలో తయారైనది. ఆ రోజుల్లో రడ్జ్ అంటే పందెపు గుర్రమే. 1914లో ఐల్ ఆఫ్ మాన్ సీనియర్ పందెం గెలిచింది ఆ కంపెనీ బండే. ఎద్దుబండి తప్ప మరోటి ఎరగని ఊళ్ళో ఎద్దూ గుర్రమూ లేకుండా దానంతటది పరిగెత్తే యంత్రాన్ని చూసిన కుర్రాడికి ఇక నిద్ర పట్టలేదు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా కుదిరాడు. ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెట్టి, ఆ అధికారినే వెతికి పట్టుకుని, మూడు వందల రూపాయలకి ఆ బండి కొన్నాడు. హోటలు సర్వరుకి మూడొందలంటే ఆనాడు ఎంతో ఊహించుకోండి.

కొన్నాక ఏం చేశాడూ? ఎక్కి ఊరేగలేదు. మొత్తం విప్పేశాడు. ఆ విప్పడం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే జీవితకథలు రాసేవాళ్ళు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేనుండేది కంచరపాలెం. పేరులోనే కంచరి ఉన్న పేట, ఇండస్ట్రియల్ ఎస్టేటూ పాలిటెక్నిక్కూ ఉన్న చోటు. మా పెరట్లో రేకుల షెడ్డు కింద 1968 మోడల్ ఫియట్ డిలైట్ ఒకటి విప్పిన ఎముకల్లా పడి ఉంది. ఒకప్పుడు మద్రాసు దగ్గర షోలవరం పందాల్లో ఫియట్లు పరిగెత్తేవి. ఆ మోజు మీద పట్టుకొచ్చాను. మన సముద్రపు ఉప్పుగాలి ఫ్లోరు రేకుని అప్పడంలా చేసేసింది. 1089 సిసి ఇంజను బోరు పోయింది. దాన్ని బాగుచేస్తూ నాకు అర్థమైంది ఒకటే: విప్పడం ఎవరైనా విప్పుతారు. పానా ఉంటే చాలు. బిగించడంలో ఉంది కష్టమంతా. ఏ వాల్వు ఏ గైడులోంచి తీశామో, టైమింగు గేరు పళ్ళ మీద గుర్తు ఎక్కడుందో, షిమ్ములు ఎన్నున్నాయో, ఇవన్నీ తీసేటప్పుడే రాసి పెట్టుకోవాలి. కిరసనాయిల్లో కడిగేశాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పైగా పాత ఇంజనుకి కొత్త బలం ఎక్కించాలంటే ముందు బ్రేకులు చూసుకోవాలి. పాత డ్రమ్ములు అలాగే ఉంచి ఇంజను మాత్రం పెంచితే అది బండి కాదు, గండం. అందుకే నేను ముందు డిస్కు బ్రేకుల పని పెట్టుకున్నాను, డైనమో తీసేసి ఆల్టర్నేటరు వేస్తున్నాను, ఇంజను సంగతి ఆఖర్న.

నాకు పుస్తకం ఉంది, పక్క వీధిలో మేస్త్రి ఉన్నాడు, లేతు ఉంది. ఆ కుర్రాడికి ఇవేవీ లేవు. ఒకే సిలిండరు ఇంజను, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో, కార్బురేటరు. వీటికి తమిళంలోనూ తెలుగులోనూ పేర్లు కూడా లేని రోజులవి. విప్పాడు, చూశాడు, బిగించాడు, నడిపాడు. అదే ఆయన ఇంజనీరింగు కాలేజీ. ఆ తరవాత ఆయన మెకానిక్కు.

ఇలాంటివాడే ఇంకొకాయన న్యూజిలాండులో ఉండేవాడు, బర్ట్ మన్రో. 1920 నాటి ఇండియన్ స్కౌట్ మోటారు సైకిలుని ఇంటి షెడ్డులోనే నలభై ఏళ్ళకి పైగా సానబట్టి, 1967లో అమెరికాలో బోనవిల్ ఉప్పునేల మీద గంటకి 180 మైళ్ళకి పైగా పరిగెత్తించి రికార్డు పెట్టాడు. అప్పటికి ఆయనకి 68 ఏళ్ళు. మన్రో జీవితమంతా ఒకే బండి. నాయుడు గారిది ఆ తత్త్వం కాదు. ఒకటి బిగించగానే చెయ్యి రెండోదాని మీదికి పోయేది.

1920లో ఒక మోటారు బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య నడిపారు. మొదట్లో డ్రైవరూ ఆయనే. కోయంబత్తూరులో స్థిరపడిన ఇంగ్లీషు పారిశ్రామికుడు రాబర్ట్ స్టేన్స్ అండ ఆయనకి దొరికింది. ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది, దేశంలో పేరెన్నికగన్న బస్సు సంస్థల్లో ఒకటిగా నిలిచింది. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి పీలమేడులో విద్యుత్ మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన తొలి మోటారు అదేనని చెబుతారు. డ్రై సెల్సుతో నడిచే గడ్డం గీసుకునే రేజరు, పల్చటి బ్లేడ్లు, పళ్ళరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, మోసానికి వీల్లేని ఓటు యంత్రం... జాబితా రాస్తే ఈ సంచిక చాలదు. పత్తిలోనూ బొప్పాయిలోనూ కొత్త రకాలు పండించారు. 1936లో లండన్లో అయిదవ జార్జి శవయాత్రని స్వయంగా ఫిల్ము తీశారు. ఆ కెమెరానైనా విప్పకుండా వదిలారంటే నేను నమ్మను.

ఇక మన కాలేజీ వాళ్ళకి గుచ్చుకునే ఘట్టం. 1944లో వ్యాపారం నుంచి తప్పుకుని దానధర్మాల మీద, విద్య మీద పడ్డారు. ఆయన చొరవతో, విరాళంతో కోయంబత్తూరులో అప్పటి గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు కాలేజీ వెలిశాయి. ఆ కాలేజీయే తరవాత గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అయింది. బడి మానేసిన మనిషి 1945లో దానికి ప్రిన్సిపాలు. కుర్చీలో కూచున్నాక ఆయన లేవదీసిన తగువు ఏమిటంటే, నాలుగేళ్ళ కోర్సు కుర్రాళ్ళ వయసుని వృథా చెయ్యడమేననీ, రెండేళ్ళు చాలుననీ. ఇంకా పొట్టి కోర్సులు కూడా ప్రతిపాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు.

ఇందులో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. పిస్టను ఎలా తియ్యాలో చెయ్యి నేర్చుకుంటుంది గానీ, ఆ పిస్టను ఎంత వేడికి ఎంత వ్యాకోచిస్తుందో, దానికెంత ఖాళీ వదలాలో లెక్కగట్టడానికి గణితం కావాలి, దానికి టైము పడుతుంది. రెండేళ్ళలో నాయుడు గారిలాంటి మేధావి తయారవుతాడేమో, నాలాంటి వాడు తయారవడు. అయితే ఆయన అడిగినదాంట్లో సగం ప్రశ్న ఇంకా అలాగే ఉంది. నాలుగేళ్ళు ఫోర్ స్ట్రోక్ సైకిలు బొమ్మ గీసి, డిస్టింక్షనులో పాసై, ఒక్కసారైనా సిలిండరు హెడ్డు విప్పకుండా బయటికెళ్ళే విద్యార్థి ఉన్నాడంటే తప్పు వాడిదా? మా షెడ్డుకి సాయం పట్టడానికి వచ్చే పిల్లల్లో ఐటీఐ వాడికి పానా సైజు కంటితో తెలుస్తుంది, బి.టెక్. వాడికి టార్కు అంటే ఏమిటో తెలుస్తుంది. ఇద్దరూ ఒకే బోల్టు దగ్గర నిలబడితేనే గాని పని అవదు. లెక్చరర్లు కోప్పడకుండా ఇది చదవాలి.

1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు. వెల రెండు వేల రూపాయలు. 1941లో డెబ్భై రూపాయలకే అయిదు వాల్వుల రేడియో తయారు చెయ్యగలనని ప్రకటించిన మనిషికి అది గొప్ప కాదు. కానీ కారు తయారీకి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. పని ఆగిపోయింది. ప్రతి నట్టూ విప్పి మళ్ళీ బిగించగలిగిన చేతికి కాయితం ముందు పానా పట్టలేదు. ఆ కారు రోడ్డెక్కి ఉంటే మన గుమాస్తాలూ మేస్టార్లూ ఎప్పుడో కారు ముఖం చూసేవారు. ఈ నష్టం ఆయనది కాదు, మనది. పాత ఫియట్ని ముద్దుచేసే నాలాంటి వాళ్ళకి, ముద్దుచెయ్యడానికి ఒక తెలుగువాడి కారు లేకపోయింది.

1967లో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శన నెలకొల్పారు. 1974 జనవరి 4న కన్నుమూశారు. 2015లో అక్కడే ఆయన కుటుంబ సంస్థ పాతకార్ల మ్యూజియం తెరిచింది. మన విశాఖ నుంచి కోయంబత్తూరుకి నేరుగా రైలుంది. ఫైనలియర్ వాళ్ళు ఇండస్ట్రియల్ టూరుకి ఊళ్ళు ఎంచుకునేటప్పుడు ఊటీ ఎలాగూ పెడతారు. దారిలో కోయంబత్తూరులో ఒక పూట దిగండి.